సడలిన మోకాళ్ళకు సరళమైన దారి

ఇంట్లో వంట చేసుకొంటూ వింటున్న అమ్మలకు, పులికాట్ ఒడ్డున వలలు బాగుచేసుకొంటూ వింటున్న అన్నలకు, షిఫ్టు దిగి వచ్చి రేడియో పెట్టుకొన్న తమ్ముళ్ళకు వందనములు. ఈనాడు మనం ధ్యానించే అంశం కొంచెం వింతగా ఉండవచ్చు. అది మోకాళ్ళను గురించినది. ఆత్మీయ అర్థంలో చెప్పే మోకాళ్ళు కాదు ప్రియులారా, మెట్లెక్కేటప్పుడు కలుక్కుమనే మోకాళ్ళను గురించే నేను మాట్లాడబోతున్నాను.

తడ దగ్గర పల్లె నుండి ఒక సహోదరుడు ఉత్తరం రాశారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. ఉత్తరం ఇలా ఉంది.

“అయ్యగారూ, నాకు నలభై మూడేళ్ళు. పదిహేనో ఏట నుండి ముప్పై దాటేదాకా కబడ్డీ ఆడాను. సంక్రాంతి పోటీలకు సూళ్ళూరుపేట, నాయుడుపేట, అటు గుమ్మిడిపూండి దాకా పోయేవాళ్ళం. ఒకసారి పట్టులో కుడి మోకాలు మెలిపడింది. టప్‌మని శబ్దం వినిపించింది. కట్టు కట్టించుకొని నెల తిరక్కుండానే మళ్ళీ బరిలోకి దిగాను. ఇప్పుడు శ్రీసిటీలో నిలబడి చేసే పని. సాయంత్రానికి మోకాలు వాచిపోతుంది. ఆదివారం మందిరంలో అందరూ చాపల మీద కూర్చొంటే నేను గుమ్మం దగ్గర నిలబడతాను. మోకరించమన్నప్పుడు మెల్లగా బయటికి పోతాను. నా కోసం ఎంతోమంది ప్రార్థించారు, తగ్గలేదు. నీకు విశ్వాసం చాలదని ఒకరన్నారు. నిజమేనా అయ్యగారూ?”

ఈ ఉత్తరంలో మూడు నొప్పులు ఉన్నాయి. ఒకటి మోకాలి నొప్పి. రెండవది ఆట పోయిన నొప్పి. మూడవది, దేవుని ఇంట్లో తనకు చోటు లేదేమోనన్న నొప్పి. మొదటిదానికి డాక్టరున్నాడు, మిగిలిన రెండింటికి సంఘం జవాబు చెప్పాలి. హెబ్రీయులకు రాసిన పత్రిక పన్నెండవ అధ్యాయం 12, 13 వచనాలలో రెండు పనులు పక్కపక్కనే చెప్పబడ్డాయి. సడలిన మోకాళ్ళను బలపరచుకోవడం ఒకటి, కుంటివాడు ఇంకా దెబ్బ తినకుండా దారిని చదును చేయడం మరొకటి. అది విశ్వాస జీవితాన్ని గురించి చెప్పిన మాటే. అయినా శరీరానికీ అదే క్రమం. మోకాలిని బలపరచుకోవడం నొప్పి ఉన్నవాని పని. దారి చదును చేయడం చుట్టూ ఉన్నవారి పని.

మొదట, అసలు నొప్పి ఏమి చెబుతుందో వినాలి. మన చిత్తూరుకు దగ్గరలోనే ఉన్న వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి మీలో చాలామందికి తెలుసు. అక్కడికి 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చారు. మిషనరీ దంపతులకు 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టినవాడు. కుష్ఠురోగుల వేళ్ళు ఎందుకు పోతున్నాయని ఆయన పరిశీలించారు. రోగం మాంసాన్ని తినేస్తుందని అప్పటిదాకా అందరూ అనుకొన్నారు. ఆయన గమనించింది వేరు. ఆ వేళ్ళకు నొప్పి తెలియదు. కాలే గిన్నె పట్టుకొన్నా తెలియదు, పుండు మీదనే నడిచినా తెలియదు. అలా దెబ్బ మీద దెబ్బ తగిలి వేళ్ళు పోతున్నాయి. నొప్పి తెలియకపోవడమే వారి నష్టం. అందుకే నొప్పిని ఒక వరమని డాక్టర్ బ్రాండ్ జీవితమంతా చెబుతూ వచ్చారు.

నొప్పి ఇంటి కావలివాడు లాంటిది. దొంగ వస్తే కేక వేస్తాడు. ఆటగాళ్ళకు ఈ కావలివాని నోరు మూయించడం అలవాటు. స్ప్రే కొట్టుకొని, మాత్ర వేసుకొని, గట్టిగా గుడ్డ చుట్టుకొని దిగుతారు. మోకాలు మెలిపడి టప్‌మని శబ్దం వచ్చి, కొన్ని గంటల్లో వాచిందంటే లోపలి లిగమెంటు తెగి ఉండవచ్చు. కబడ్డీలో పట్టు తప్పించుకొని ఒక్కసారిగా తిరిగేటప్పుడు, వాలీబాల్‌లో ఎగిరి ఒంటి కాలి మీద దిగేటప్పుడు ఇది జరుగుతుంది. లిగమెంటు వదులైతే ఎముకలు సరిగా కుదురుకోవు. రెండు ఎముకల మధ్య మెత్తలాగా ఉండే మెనిస్కస్ చినుగుతుంది. ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి, మనవాళ్ళు గుజ్జు అంటారు, అది అరుగుతుంది. చర్మానికి దెబ్బ తగిలితే రక్తం వచ్చి మానుతుంది. గుజ్జులో రక్తనాళాలు లేవు. కనుక అది తనంతట తాను సరిగా మానదు. ఇరవై ఏళ్ళ వయస్సులో తగిలిన దెబ్బ నలభైలో నొప్పిగా బయటపడేది ఇందుకే.

అయితే ఇంకొక సంగతి. ఏళ్ళ తరబడి ఉన్న నొప్పిలో కావలివాడు కొన్నిసార్లు దొంగ లేకపోయినా అరుస్తాడు. ఆ కేకకు భయపడి మనం కదలడమే మానేస్తాం. కదలకపోతే తొడ కండరం సన్నబడుతుంది. ఆ కండరం సన్నబడితే మోయవలసిన బరువంతా కీలు మీద పడుతుంది. నొప్పి ఇంకా పెరుగుతుంది. గుజ్జుకు రక్తం లేదన్నాను గదా, మరి దానికి ఆహారం ఎలా అందుతుంది? కీలులో ఉండే జిగురు నీటి నుండి. మనం నడిచినప్పుడు అది స్పంజిలాగా నొక్కుకొని వదులుతూ ఆ నీటిని పీల్చుకొంటుంది. కాబట్టి కదలిక మోకాలికి శత్రువు కాదు, భోజనం.

ఆటలు ఆడితే మోకాళ్ళు పోతాయని తల్లిదండ్రులు భయపడనక్కర లేదు. 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో అనేక అధ్యయనాలను కలిపి చూశారు. ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో తుంటి, మోకాళ్ళ అరుగుదల నూటికి 3.5 మందిలో కనిపించింది. పరుగే లేకుండా కూర్చొనేవారిలో 10.2 మందిలో, పోటీల కోసం పరుగెత్తేవారిలో 13.3 మందిలో కనిపించింది. మితంగా కదిలినవాని కీలు బాగుంది. మోకాలిని ఎక్కువగా పాడుచేసేవి మానని గాయం, పెరిగిన బరువు.

మరి ఏం చేయాలి? మొదటి మందు వ్యాయామం. దీనికి డబ్బు అక్కరలేదు. కుర్చీలో కూర్చొని ఒక కాలు చాచి, తొడ బిగించి, ఐదు లెక్కపెట్టేదాకా పట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు. తరువాత వెల్లకిలా పడుకొని, ఒక మోకాలు మడిచి, రెండవ కాలు తిన్నగా జానెడెత్తు లేపి దించండి. కొంచెం బలం వచ్చాక ఎత్తయిన కుర్చీ మీద నుండి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోండి. సమతలం మీద నడక, సైకిలు మంచివి. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉంటే భయం లేదు. మరుసటి ఉదయానికి ముందుకంటే ఎక్కువైతే మాత్రం మోతాదు తగ్గించండి. వారం రోజులు చేసి ఫలితం లేదని మానకండి. ఆరు వారాల నుండి మూడు నెలలు పడుతుంది.

రెండవది బరువు. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఐదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై కిలోలు! ఆట మానిన తరువాత కూడా ఆటగాని భోజనమే తినేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మూడవది మందుల విషయంలో జాగ్రత్త. అంగట్లో అడిగి తెచ్చుకొనే నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేరు లేని పొడులు, మూడు రోజుల్లో మాయమని చెప్పే మందులు తీసుకోకండి. అటువంటి వాటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు ఉన్నాయి. ఎముక విరిగితే మన ప్రాంతంవారు పుత్తూరు కట్టుకు పోవడం తరతరాల అలవాటు. కానీ అరిగిన గుజ్జు విరిగిన ఎముక కాదు. దానికి కట్టు కట్టి కదలకుండా ఉంచితే కండరమే పోతుంది.

శస్త్రచికిత్స సంగతి కూడా చెప్పాలి. అరిగిన మోకాలిలోకి గొట్టం పంపి కడిగి శుభ్రం చేస్తే నొప్పి పోతుందని ఒకప్పుడు నమ్మేవారు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్ వైద్యులు 180 మంది మీద పరీక్షించారు. కొందరికి నిజంగా ఆ చికిత్స చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టారు. రెండేళ్ళ తరువాత చూస్తే తేడా లేదు. అలాగని అన్ని ఆపరేషన్లూ వృథా అని కాదు. లిగమెంటు తెగి మోకాలు జారిపోతుంటే, చినిగిన ముక్క అడ్డుపడి మోకాలు బిగుసుకుపోతే, పూర్తిగా అరిగి నిద్ర కూడా పట్టకపోతే ఆపరేషన్ ఎంతో మేలు చేస్తుంది. ఏది మీకు వర్తిస్తుందో ఎముకల డాక్టరు చూసి చెప్పాలి. తిరుపతిలో రుయా ఉంది, బర్డ్ ఉంది. అటు వేలూరు ఉంది, ఇటు రైలెక్కితే చెన్నై ఉంది. మోకాలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా ఆదివారం దాకా ఆగకండి. ఆ రోజే వెళ్ళండి.

ప్రియులారా, ఇప్పుడు ఆ సహోదరుని ప్రశ్నకు వద్దాం. ప్రార్థించినా నొప్పి పోకపోతే విశ్వాసం లేనట్టా? పరిశుద్ధ గ్రంథంలో ముగ్గురిని చూడండి. హిజ్కియా రాజు జబ్బుపడి ప్రార్థించాడు. ప్రభువు ఆలకించాడు, బాగుచేస్తానన్నాడు. ఆ వెంటనే ప్రవక్త యెషయా ఏమి తెప్పించాడు? అంజూరపు పండ్ల ముద్ద! దాన్ని పుండు మీద పెట్టించాడు. వాగ్దానమూ మందూ ఒకే ఇంట్లోకి వచ్చాయి. కనుక డాక్టరు దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే యెషయాను చూపించండి.

రెండవవాడు త్రోఫిము. పౌలు ద్వారా ఎంతోమంది స్వస్థత పొందారు. అయినా తన సొంత జతపనివాడైన త్రోఫిము జబ్బుపడితే అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. పౌలు విశ్వాసం తక్కువదా? త్రోఫిము పాపం ఏమైనా చెప్పాడా? ఒక్క మాట లేదు. మూడవవాడు పౌలే. తన శరీరంలోని ముల్లు తీసివేయమని ముమ్మారు వేడుకొన్నాడు. ముల్లు పోలేదు. దానితోనే బ్రదకడానికి చాలినంత కృప దొరికింది. అది ఓటమి కాదు, అదే జవాబు. కాబట్టి సహోదరుడా, నీకు విశ్వాసం లేదన్న మాటను పక్కన పెట్టు. నొప్పితో ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, ఆదివారం గుమ్మం దగ్గర కూడా నిలబడుతున్నావే, అది విశ్వాసం కాక మరేమిటి?

సంఘపెద్దలారా, ఇప్పుడు మీతో ఒక మాట. మోకరించి ప్రార్థించడం మంచి ఆచారం. సొలొమోను మోకరించి ప్రార్థించాడు. కానీ ఆయన తండ్రి దావీదు ఏం చేశాడు? సమూయేలు రెండవ గ్రంథం ఏడవ అధ్యాయం 18వ వచనం చూడండి. దావీదు ప్రభువు సన్నిధిని కూర్చొని ప్రార్థించాడు. హిజ్కియా మంచం మీద గోడవైపు తిరిగి ప్రార్థించాడు. సుంకరి దూరంగా నిలబడి ప్రార్థించాడు. అన్నీ దేవుని చెవికి చేరాయి. వంగవలసింది హృదయం. మడవలేని మోకాలిని బలవంతంగా మడిపించడం భక్తి కాదు.

మన మందిరాల్లో కుర్చీలు ఎక్కడ వేస్తున్నాం? ముందు వరుసలో అతిథుల కోసం వేస్తాం. మోకాళ్ళ నొప్పులవారికి అడిగితే వెనక మూల, చెప్పులు విడిచే చోట ఒకటి వేస్తాం. వారు అడగడానికే సిగ్గుపడతారు. ఆ సిగ్గుతోనే కొంతమంది రావడం మానేస్తారు. యోనాతాను కుమారుడు మెఫీబోషెతు రెండు కాళ్ళూ కుంటివాడు. దావీదు అతణ్ణి పిలిపించి ఎక్కడ కూర్చోబెట్టాడు? రాజు భోజనపు బల్ల దగ్గర, రాకుమారుల మధ్య. మెఫీబోషెతు కాళ్ళు బాగయ్యాయని ఎక్కడా లేదు, అతని చోటు మారింది. కాబట్టి కుటుంబాల మధ్యలోనే కుర్చీలు వేయండి. గుమ్మం దగ్గర మెట్లకు ఒక పక్క పట్టుకొనే కడ్డీ బిగించండి. ప్రార్థనకు పిలిచేటప్పుడు, మోకరించగలవారు మోకరించండి, మిగిలినవారు కూర్చొని తలవంచండి అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం ఎంతమందిని లోపలికి తెస్తుందో చూడండి. దారిని సరళం చేయడమంటే ఇదే.

ఇక ఆట పోయిన నొప్పి. ఆడనివారికి ఇది అర్థం కాదు. ఊరంతా పేరు పెట్టి కేకలు వేసిన మనిషి ఇప్పుడు మెట్ల దగ్గర గోడ పట్టుకొంటాడు. ఆ దుఃఖం నిజమైనది. దాన్ని చిన్నచేయకూడదు. మన తెలుగు నేల మీదనే పెరిగిన ఇద్దరు క్రీడాకారులను చూద్దాం. హైదరాబాదులో ఆట నేర్చిన సైనా నెహ్వాల్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచారు. ఆ పోటీలో మొదటి గేము గెలిచిన చైనా క్రీడాకారిణి వాంగ్ షిన్ మోకాలి గాయంతో తప్పుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళ తరువాత 2016లో రియోలో సైనా సొంత మోకాలే ఆమెను ఆపింది. శస్త్రచికిత్స తరువాత తిరిగి వచ్చి 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచారు. 2024లో తన మోకాలిలో గుజ్జు దెబ్బతిన్నదని, కీళ్ళవాతం ఉందని బహిరంగంగా చెప్పారు. ప్రపంచంలో మొదటి ర్యాంకు సాధించిన మనిషి దాచుకోలేదు. మన పల్లెలోని ఆటగాడు ఎందుకు దాచుకోవాలి?

రెండవవారు పుల్లెల గోపీచంద్ గారు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టినవారు. 1994లో పుణేలో జాతీయ క్రీడల్లో ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఒకటికి మించిన శస్త్రచికిత్సలు జరిగాయి. ఓపికగా కాలిని తిరిగి కట్టుకొన్నారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తరువాత అది గెలిచిన భారతీయుడు ఆయనే. అందరి మోకాలూ అలా తిరిగి రాదు ప్రియులారా. అందుకే నేను మీకు ఆ కప్పును చూపించడం లేదు, ఆ తరువాతి జీవితాన్ని చూపిస్తున్నాను. ఆట విరమించాక ఆయన పిల్లలకు నేర్పడానికి నిలబడ్డారు. ఆయన శిక్షణలోనే 2012లో సైనాకు, 2016లో సింధుకు ఒలింపిక్ పతకాలు వచ్చాయి. తన కాళ్ళు ఆగినా ఆట ఆగలేదు.

మన ఊళ్ళలో పండుగ పోటీలు ఆడే పిల్లలకు నేర్పేవారెవరు? ఒళ్ళు వేడెక్కకుండా బరిలోకి దిగుతారు. గట్టి నేల మీద, రాళ్ళు ఏరకుండా ఆడతారు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు వంచి రెండు కాళ్ళ మీద దిగాలని వారికి ఎవరు చెబుతారు? మోకాలు వాచినవాణ్ణి, ఇవాళ నువ్వు కూర్చో తమ్ముడూ అని ఆపేవాడు ఎవరు? నొప్పి తెలిసినవాడే ఆ మాట చెప్పగలడు. యబ్బోకు రేవు దగ్గర పోరాడిన యాకోబు ఉదయాన కుంటుతూ నడిచాడు. ఆశీర్వాదమూ ఆ రాత్రే దొరికింది, కుంటుతనమూ ఆ రాత్రే వచ్చింది. కుంటుతూనే ముందుకు నడిచి అన్నను కలిశాడు, కుటుంబాన్ని నడిపించాడు.

ఈ వారం మూడు పనులు చేద్దాం. మోకాలి నొప్పి ఉన్నవారు రేపు ఉదయం కుర్చీలో కూర్చొని కాలు చాచే ఆ చిన్న వ్యాయామం మొదలుపెట్టండి, ఇంతవరకు డాక్టరుకు చూపించకపోతే చూపించండి. సంఘపెద్దలు వచ్చే ఆదివారానికి ముందే కుర్చీల చోటు మార్చండి. ఒకనాటి ఆటగాళ్ళు సాయంత్రం మైదానం దగ్గరికి వెళ్ళి ఒక్క పిల్లవానికైనా సరిగా దిగడం నేర్పండి.

ప్రార్థించుదాం. ఎలా ఉన్నవారు అలాగే ఉండండి.

మా తండ్రీ, మా శరీరాలను ఎరిగినవాడవు నీవే. మాలో నొప్పితో మేలుకొని ఉన్నవారికి ఈ రాత్రి నిద్ర దయచేయుము. వైద్యులకు జ్ఞానమును, వ్యాయామం చేసేవారికి ఓర్పును అనుగ్రహించుము. నొప్పి పోయినా, పోకపోయినా, నీ యింట మాకు చోటు ఉన్నదని మేము ఎరుగునట్లు చేయుము. ఒకరి దారి ఒకరం చదును చేసే మనస్సు మాకిమ్ము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.